గేర్లు విరిచిన కోడలు

ఇంటి వెనక రేకుల షెడ్డు. మధ్యాహ్నం. దిమ్మల మీదికెక్కించిన ఒక పాత కారు. దాని కిందనుంచి బయటికి రెండు పాదాలు.

"...కాబట్టి పాదాలుగారూ, మీ యజమాని మీద నా ఫిర్యాదు ఇదీ. మనిషి మంచివాడే. తాగడు, తిరగడు. కానీ ఇంట్లో ఉండడు, కారు కింద ఉంటాడు. అన్నానికి రమ్మని నేను గొంతు చించుకున్నా వినబడదు. తన చేతిలో స్పానర్ జారితే మాత్రం వంటింట్లోంచి నేను పరిగెత్తుకు రావాలి. రెండు నెలలుగా ఆయన మొహం ఎలా ఉంటుందో మరిచిపోయాను. మీతోనే కాపురం చేస్తున్నాను."

"ఏమోయ్, నవ్వించకు. బోల్టు జారిపోతుంది."

"అరె, పాదాలు మాట్లాడుతున్నాయి!"

"ఆ చిన్న స్పానర్ ఇలా ఇవ్వు."

"ఫిర్యాదు ఇంకా అవ్వలేదు. నా పాలగిన్నెలో కిరసనాయిలు పోసి బోల్టులు నానబెట్టారు, ఊరుకున్నాను. నా టూత్‌బ్రష్‌తో కార్బురేటర్ తోమారు, ఊరుకున్నాను..."

"పాతదనుకున్నాను."

"పొద్దున్నే అట్ట విప్పి తీసింది పాతదా? ఆరేసిన దుప్పట్ల మీద ఎర్రరంగు చిమ్మారు..."

"అది రంగు కాదు, ప్రైమర్. అసలు రంగు దాని మీద వేస్తారు."

"అయితే దుప్పట్లకి అసలు రంగు ఎప్పుడు వేస్తారో చెప్పండి, ఆరేసి ఉంచుతాను."

"నీకు మాత్రం సరదా లేదేమిటి? సీటు కవర్లు కుట్టిందెవరు? హెడ్‌లైట్ల చుట్టూ ఉన్న రేకుల్ని పళ్ళపొడితో తోమి తోమి అద్దాలు చేసిందెవరు? నిన్న వాటిలో చూసుకునేగా జడేసుకున్నావు!"

"ఆ అద్దంలో నా మొహం పళ్ళెమంత కనబడింది. ఇంత మొహాన్ని వదిలేసి ఈ మనిషి కారు కింద ఎలా దూరాడా అని బాధేసింది."

"స్పానర్, తల్లీ, స్పానర్."

"ఇదిగోండి."

"ఇది కాదు, చిన్నది. ఆఁ, ఇదే. ఇక ఒక్కటే ఉంది... కదులుతోంది... వస్తోంది... వచ్చేసింది! ఏమోయ్, క్లచ్ ప్లేటు వచ్చేసింది!"

"అబ్బ, కవలలు పుట్టినట్టు అరిచారు. ఏదీ, చూపించండి."

"ఉండు."

"ఉన్నాను. చూపించండి. ఏమిటీ, చప్పుడు లేదు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే మీ బొటనవేలు ఎందుకు పైకి లేచింది?"

"నా బొటనవేలా?"

"మీరు అబద్ధమాడితే కుడికాలి బొటనవేలు నిక్కుతుంది. ఇన్నేళ్ళూ మొహం చూసి మోసపోయాను. ఈ రెండు నెలల్లోనే కనిపెట్టాను, అసలు మనిషి కాళ్ళలో ఉన్నాడని."

"నాన్న లేచారా?"

"లేవలేదు. నిన్ననే కదా మీ అక్కయ్యగారింటి నుంచి వచ్చింది, ప్రయాణం బడలిక. గురక ఇక్కడికి వినబడుతోంది. మాట మార్చకండి."

"ఆ షెడ్డు తలుపు కాస్త దగ్గరగా వెయ్యి."

"ఎందుకు?"

"దుమ్ము."

"రెండు నెలలుగా మీరు తింటున్నది దుమ్మే. అదిగో, ఎడమకాలి బొటనవేలు కూడా లేచింది! ఇక లాభం లేదు. మీరు పడుకున్న ఆ చెక్కకి చక్రాలున్నాయని మీకు గుర్తుందా?"

"ఏయ్, లాగకు! లాగకే! అయ్యో, ముక్కు! ముక్కు!"

"ముక్కు పక్కకి తిప్పుకోండి, ఇంకొక్క జానెడు. ఆఁ, వచ్చేశారు. నమస్కారమండీ. బాగా నల్లబడ్డారు. ఆ గుండెలకి హత్తుకున్నదేమిటి?"

"ప్లేటు."

"దొంగసొమ్ములా పట్టుకున్నారేం? ఓహో. అర్థమైంది. గేరు పళ్ళు ఊడి కింద పడ్డాయి, అంతేనా? చెప్పేయండి. పాతికేళ్ళుగా వింటున్నదే కదా. 'కొత్త కోడలు మొదటిసారి కారెక్కి, గేరు పళ్ళన్నీ రాలగొట్టి, గోడకి గుద్దింది' అని. ఆ రోజు మూలపడి మళ్ళీ కదలని కారే కదా ఇది. నాకేం కొత్త కాదు."

"పళ్ళు ఊడలేదు."

"ఏమిటీ?"

"పొద్దున గేర్‌బాక్స్ మూత తీసి చూశాను. ఒక్క పన్నూ ఊడలేదు. నీ పళ్ళకంటే బాగున్నాయి."

"పొద్దున చూసి ఇప్పుడా చెప్పడం! పొద్దున్నే చెబితే నేను ఈపాటికి పక్కింటావిడకి, ఎదురింటావిడకి, పాలబ్బాయికి చెప్పి, మీ అక్కయ్యగారికి ఫోన్ కూడా చేసి ఉందును కదండీ!"

"అందుకే చెప్పలేదు. పళ్ళు ఊడకపోతే మరి ఆ రోజు అది అంతలా ఎందుకు అరిచిందో తేలాలి కదా. ఇప్పుడు తేలింది."

"ఎందుకు అరిచింది?"

"టీ పెట్టావా?"

"ఎందుకు అరిచిందండీ?"

"ఇదిగో, ఇది చూడు. ఇంజన్‌కీ గేర్లకీ మధ్య ఉంటుంది. మనం క్లచ్ తొక్కితే ఇది ఇంజన్‌ని వదిలెయ్యాలి. అప్పుడు గేరు వెన్నలా పడుతుంది. వదలకపోతే లోపల పళ్ళు గీసుకుని గర్రుమంటుంది."

"ఆ రోజు గర్రుమన్నట్టు."

"ఊఁ."

"ఎందుకు వదల్లేదు?"

"తిరగేసి ఉంది."

"ఏది తిరగేసి ఉంది?"

"ఈ ప్లేటే. ఈ బొడిపె గేర్ల వైపు ఉండాలి. ఇంజన్ వైపు ఉంది. గిన్నె మీద మూత వెల్లకిలా పెట్టినట్టు. అలా పెడితే క్లచ్ ఎంత తొక్కినా వదలదు. నువ్వు కాదు కదా, రేసులు నడిపేవాడొచ్చి తొక్కినా వదలదు."

"అయితే... నేను తొక్కడం సరిగ్గానే తొక్కాను."

"సరిగ్గానే తొక్కావు."

"మళ్ళీ చెప్పండి."

"సరిగ్గానే తొక్కావే."

"ఇంకొక్కసారి. నెమ్మదిగా."

"ఏమోయ్, నాన్న లేస్తారు."

"ఆగండాగండి. ఈ ప్లేటు తిరగేసి పెట్టిందెవరు? ఈ కారు మీద ఏ మెకానిక్కూ చెయ్యి వెయ్యలేదుగా? ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మామయ్యగారు చెప్పేది అదేగా? 'మెకానిక్ చెయ్యి పడని కారండీ, సొంత చేతుల్తో చూసుకున్నాను' అని?"

"మన పెళ్ళైన వేసవిలో సెలవులకి ఆయనే విప్పి, కొత్త ప్లేటు వేసి బిగించారు. నేను లైటు పట్టుకున్నాను."

"అయ్యబాబోయ్."

"నవ్వకు."

"నవ్వడం లేదు."

"నవ్వుతున్నావు. ఆ కొంగు నోట్లోంచి తియ్యి, ఊపిరాడదు. నవ్వకే బాబూ! నాకూ వస్తోంది. ఇదిగో, ఈ చేతుల నిండా గ్రీజు, నోరు మూసుకోవడానికి కూడా లేదు!"

"మీరు లైటు... లైటు పట్టుకుని... ఏం చూశారండీ?"

"ఆయన చేతులు చూడమన్నారు. చేతులు చూశాను. ప్లేటు ఎవడు చూశాడు!"

"అమ్మయ్య. కడుపు నొప్పొచ్చింది. ఉండండి, కూర్చోనివ్వండి. ఈ డబ్బా మీద కూర్చోవచ్చా?"

"అందులో పెయింటుంది. ఆ టైరు మీద కూర్చో."

"పాతికేళ్ళండీ! ఫ్యాను ఆగితే 'అమ్మాయి చెయ్యి పడిందా?' కుళాయి కారితే 'అమ్మాయి తిప్పిందా?' మిక్సీ మాడితే సరే సరి. మీ మేనల్లుడు సైకిల్ నేర్చుకుంటుంటే కూడా ఏమన్నారు? 'అత్త చూడకుండా నేర్చుకోరా, గొలుసు తెగుతుంది' అన్నారు. ఆ తర్వాత నేనెప్పుడైనా స్టీరింగ్ ముట్టుకున్నానా? నేర్చుకుంటానని నోరు తెరిస్తే చాలు, 'గేర్లు దాచుకోండ్రోయ్' అని ఇల్లంతా నవ్వులు. మీరు కూడా నవ్వారు."

"నేనా? నేను తక్కువ నవ్వాను."

"అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారే, మనింట్లో అత్తగారు బంగారం, ఆ ముచ్చటేదో మామగారు తీర్చారు. ఇంకేం, లేవనివ్వండి ఆయన్ని. టీ చేతికిచ్చి, ఆ పక్కనే ఈ ప్లేటు పెడతాను. బిస్కెట్ల బదులు."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"పెద్దాయన. ఆయనకి ఉన్నది ఈ కారు గొప్పొకటే. నేను చప్పుడు చెయ్యకుండా కొత్త ప్లేటు సరైన వైపు పెట్టేస్తాను. కారు నడుస్తుంది. అందరికీ సంతోషం."

"అందరికీ అంటే?"

"నాన్నకి, నాకు, కారుకి..."

"నేను ఏ సీట్లో ఉన్నానండీ ఇందులో? డిక్కీలోనా?"

"ఏమోయ్, నా స్థితి చూడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

"ఇందులో కప్ప ఎవరో నేను అడగను. భయంగా ఉంది."

"ఒక్క మాట ఆలోచించు. ఆ రోజుల్లో కొత్త కోడలి చేతిలో కారు తాళాలు పెట్టిన మామగారు ఎవరున్నారు? వీధి వీధంతా చెప్పుకున్నారు. నా చేతికి ఇచ్చేవారు కాదు, నీకిచ్చారు."

"అదొక్కటే, ఆయన మీద నాకు నిజంగా కోపం రానివ్వనిది. మా నాన్న నాకు సైకిల్ తాళం కూడా ఇవ్వలేదు. కాలేజీలో బండి నడిపే అమ్మాయిల్ని కిటికీలోంచి చూసేదాన్ని. ఇక్కడికొచ్చిన వారానికే ఆయన వరండాలో నించుని, 'అమ్మాయ్, ఇవిగో తాళాలు, నడుపు, నేనున్నాను' అన్నారు. తర్వాత ఎన్ని మాటలన్నా, ఆ మాట గుర్తొచ్చి మింగేశాను."

"మరదే కదా నేను..."

"కానీ నాకు నా పేరు కావాలండీ. 'గేర్లు విరిచిన కోడలు' అన్న బిరుదు తీసేసి, మామూలు కోడల్ని చెయ్యండి చాలు. అరె, గురక ఆగింది!"

"కొత్త ప్లేటు ఎక్కడ? పాతది దాచు! దాచవే!"

"ఎక్కడ దాచను, ఇది సత్తుపళ్ళెమంత ఉంది!"

"ఏరా, ఎక్కడిదాకా వచ్చింది? అమ్మాయ్, నువ్వేం ముట్టుకోవడం లేదు కదా?"

"లేదు మామయ్యగారూ. చేతులు వెనక్కి పెట్టుకునే నించున్నాను. నిద్ర పట్టిందా? గురక వినబడింది."

"నేను గురక పెట్టను. అది పక్కింటి మోటారు."

"పక్కింటి వాళ్ళు మోటారు అమ్మేశారు నాన్నా."

"అయితే కొన్నవాళ్ళింటి మోటారు. కుర్చీ ఏదిరా? ఆఁ. ఈ రంగేమిటి, ఇంత ముదిరింది? నేనైతే ఒక చెయ్యి తక్కువ వేసేవాణ్ణి. ఈ సీటు కవర్లు బాగున్నాయి. ఎక్కడ కుట్టించావు?"

"తనే కుట్టింది నాన్నా."

"మిషను పనిచేస్తోందా ఇంకా?"

"పనిచేస్తోంది మామయ్యగారూ. నాకూ ఆశ్చర్యంగానే ఉంది. మీకో విచిత్రం చెప్పనా? గేరు పళ్ళన్నీ ఉన్నాయిట. ఒక్కటీ ఊడలేదుట."

"ఎలా ఊడుతాయి? ఆనాటి ఇనుము. నువ్వు విరిచినా విరగలేదు. అదీ కారంటే!"

"విన్నారా అండీ? విరిచినా విరగలేదుట."

"విన్నాను. నాన్నా, మీరు లోపల కూర్చోండి, ఇక్కడ కిరసనాయిలు వాసన..."

"నాకు ఆ వాసన ఇష్టం. నీ చేతిలోది ఏమిట్రా? క్లచ్ ప్లేటా? కొత్తదా?"

"కొత్తదే మామయ్యగారూ. ఆయనకి ఒక అనుమానం. ఇది ఏ వైపు పెట్టాలో తెలియడం లేదుట."

"నాకు అనుమానమేం లేదు! ఎవరన్నారు? ఏమోయ్, ఎవరన్నారు?"

"అనుమానమేమిట్రా, నా కొడుకువై ఉండి! బొడిపె ఇంజన్ వైపు. చూడగానే తెలియడం లేదూ? లావు వైపు లావు, సన్నం వైపు సన్నం. ఇంజన్ లావు. గేర్‌బాక్స్ సన్నం. ఇంగితజ్ఞానం."

"నాన్నా, కొత్త ప్లేటు మీద రాసే ఉంది. సన్నంగా ఉన్న వైపు, 'ఈ వైపు ఇంజన్‌కి' అని."

"రాసిందెవడు?"

"చేసినవాడు."

"పొరబడ్డాడు."

"అంత పెద్ద కార్ఖానా..."

"ఒరేయ్, సర్వీసంతా పాఠ్యపుస్తకాల్లో తప్పులు దిద్దిన మాస్టార్నిరా నేను. అచ్చువేసేవాడు ఎప్పుడు సరిగ్గా వేశాడు గనక! ఇది అచ్చుతప్పు."

"ఇనుము మీద అచ్చుతప్పా నాన్నా?"

"ఇనుము మీద పడితే దిద్దడం ఇంకా కష్టం. అందుకే వాడు అలాగే వదిలేశాడు."

"మామయ్యగారూ, అయితే ఆ వేసవిలో మీరు బిగించినప్పుడు కూడా బొడిపె ఇంజన్ వైపే పెట్టారన్నమాట."

"అక్షరాలా. ఈ చేతుల్తో. అడుగు వీణ్ణి, లైటు పట్టుకున్నాడు."

"పట్టుకున్నాను నాన్నా. పట్టుకున్నాను."

"ఏవండీ, మామయ్యగారు చెప్పినట్టే పెట్టండి."

"ఏమిటీ?"

"బొడిపె ఇంజన్ వైపు. ఆయన చెప్పినట్టే."

"నీకేమైనా... అంటే గేర్‌బాక్స్ మళ్ళీ ఎత్తి, అన్ని బోల్టులూ బిగించి, పెట్రోల్ పోసి..."

"అన్నీ. ఒక్కటి కూడా వదలకుండా."

"చూశావురా? ఇన్నాళ్ళకి అమ్మాయికి బుద్ధొచ్చింది. అనుభవానికి విలువిచ్చేవాళ్ళు ఇంటికొక్కళ్ళుండాలి. నేనలా వరండాలో కూర్చుంటాను. అమ్మాయ్, టీ పంపించు. గ్లాసు జాగ్రత్త."

"పంపిస్తాను మామయ్యగారూ."

"వెళ్ళిపోయారు. ఇప్పుడు చెప్పు. నా నడుము మీద నీకెందుకింత పగ? ఎలాగూ పనిచెయ్యదని తెలిసి ఎవరైనా బిగిస్తారా?"

"నేను చెబితే, 'తప్పు కప్పిపుచ్చుకుంటోంది' అంటారు. మీరు చెబితే, 'పెళ్ళాం పలికించిన పలుకు' అంటారు. ప్లేటు మీద రాసి ఉన్నా అచ్చుతప్పు అన్నారు. ఇక ఆయనకి ఎదురు చెప్పగలిగింది ఈ లోకంలో ఒక్కటే ఉంది."

"ఏమిటది?"

"ఈ కారు. దాన్నే చెప్పనివ్వండి. నేను నోరెత్తను. నేను చెబితే అవమానం, కారు చెబితే అనుభవం."

"మళ్ళీ మొత్తం విప్పాలే!"

"నేను సాయం చేస్తాను. లైటు పట్టుకుంటాను. చేతులు కాదు, ప్లేటు చూస్తాను. పదండి, లోపలికి దూరండి. పాదాలుగారూ, సెలవు. మళ్ళీ కలుద్దాం."

ఆదివారం ఉదయం. అదే షెడ్డు, తలుపులు బార్లా తెరిచి. కారు నాలుగు చక్రాల మీదా నేల మీద నిలబడి ఉంది.

"అమ్మాయ్, నువ్వు వెనక కూర్చో. గేరుకి దూరంగా."

"కూర్చున్నాను మామయ్యగారూ. తలుపు మీరే వేస్తారా, నేను వెయ్యనా?"

"నేనే వేస్తాను, ఉండు. ఏరా, ముందు నించోకు. అసలే నాలుగు చక్రాలూ తిరుగుతాయి. పక్కకి రా."

"వచ్చాను నాన్నా. తాళం తిప్పండి. నెమ్మదిగా."

"నాకు చెబుతావేమిట్రా. ఇదిగో."

"దగ్గింది!"

"మళ్ళీ తిప్పండి మామయ్యగారూ, దగ్గిందంటే ప్రాణముందన్నమాట!"

"తిప్పుతున్నాను. రావే, రావే నా తల్లీ..."

"తుమ్మింది! నాన్నా, తుమ్మింది! ఇంకొంచెం!"

"ఏవండీ, వెనక నించోకండి, సైలెన్సర్..."

"అమ్మో!"

"ఏమైందిరా?"

"పిచ్చుకగూడు! గూడు గూడంతా వచ్చి నా మొహాన పడింది!"

"పిచ్చుక ఉందా అందులో?"

"ఖాళీ చేసి వెళ్ళిపోయింది నాన్నా. కానీ ఆగకండి, ఆగకండి, అందుకుంది! విను! ఏమోయ్, విను! అందుకుంది! నడుస్తోంది!"

"అబ్బ! సీటు వణుకుతోందండీ! మామయ్యగారూ, నేను కుట్టిన సీటు వణుకుతోంది! ఏవండీ, మీరేమిటి ఏడుస్తున్నారా?"

"మసి. కళ్ళలో మసి."

"బొటనవేలు చూపించండి."

"బూట్లేసుకున్నాను."

"చూశారా, చూశారా! ఏమిటా శబ్దం, పులి పిల్లి రెండూ కలిసి పాడినట్టు! అమ్మాయ్, విన్నావా? ఇదీ నా కారు. ఇక చూడు, మొదటి గేరు. క్లచ్ ఇలా నిండా తొక్కి, గేరు ఇలా మృదువుగా..."

"గర్రున అరిచింది మామయ్యగారూ."

"వినబడిందిలే. చెప్పులు. చెప్పుల అడుగు మందం, అందుకని క్లచ్ నిండా దిగలేదు."

"చెప్పులిలా ఇవ్వండి మామయ్యగారూ, నేను పట్టుకుంటాను. ఆఁ. ఇప్పుడు తొక్కండి."

"ఇప్పుడు చూడు. మృదువుగా..."

"ఇప్పుడు ఇంకా గట్టిగా అరిచింది నాన్నా."

"సీటు వెనక్కుంది. కాలు అందడం లేదు. ఏ పొట్టివాడికీ పనికిరాదు, ఎవడు జరిపాడు దీన్ని?"

"దిండు తెచ్చాను మామయ్యగారూ. మీ వీపు వెనక పెడతాను. కాస్త ముందుకి వంగండి. సరిపోయిందా?"

"దిండు ఎందుకు తెచ్చావు?"

"ఊరికే. ఉంటే మంచిదని."

"సరే. ఇదిగో. పూర్తిగా తొక్కాను. చూడరా, నేలకి ఆనింది నా కాలు. ఆనిందా?"

"ఆనింది నాన్నా. నేలకి ఆనింది."

"ఇప్పుడు గేరు... అబ్బా!"

"అరిచింది."

"కొత్త నూనె. చిక్కగా ఉంది. పొద్దున చల్లదనానికి..."

"కాస్త వేడెక్కనిద్దాం మామయ్యగారూ. తొందరేముంది. మంచినీళ్ళు ఇమ్మంటారా?"

"నువ్వు ఇంత మర్యాదగా మాట్లాడితే నాకు కంగారుగా ఉంది."

"అయ్యో, నేనేం అనలేదే. నోరెత్తనని ఆయనకి మాటిచ్చాను కూడా."

"ఎందుకిచ్చావు?"

"గేరు వెయ్యండి మామయ్యగారూ. వేడెక్కి ఉంటుంది."

"నాన్నా, వద్దు, నా మాట వినండి. ఇంజన్ ఆపేద్దాం. నేను మళ్ళీ విప్పి..."

"నువ్వుండరా. తొక్కాను. గట్టిగా తోస్తాను. పడుతుంది. పడక ఏం... హమ్మా!"

"ఎగిరింది! పట్టుకోండి! గోడ, గోడ, మామయ్యగారూ, గోడ!"

"ఆగింది. ఆగిపోయింది. నాన్నా, దెబ్బేం తగల్లేదు కదా? ఏమోయ్, నీకు?"

"నాకేం కాలేదు. గోడకి ఇంకా బెత్తెడు దూరముంది. నాకంటే మామయ్యగారే నయం. నేను బెత్తెడు కూడా మిగల్చలేదు."

"నాన్నా?"

"మామయ్యగారూ, దిండు తీసెయ్యనా? చెప్పులివ్వనా? ఏదో ఒకటి అనండి. ఇలా ఊరుకుంటే బాగాలేదు. పోనీ పక్కింటి మోటారు అనండి."

"ఆ ప్లేటు..."

"ఆఁ, నాన్నా."

"పాత ప్లేటు తీసినప్పుడు బొడిపె ఎటుంది?"

"ఇంజన్ వైపుంది నాన్నా. మీరు పెట్టినట్టే ఉంది."

"కొత్తది కూడా అలాగే పెట్టావు."

"మీరు చెప్పినట్టే."

"తెలిసీ పెట్టావు."

"నేనే పెట్టించాను మామయ్యగారూ. ఆయన్ననకండి. రెండు రోజులుగా నడుము పట్టేసి వంగలేకపోతున్నారు."

"నవ్వుకున్నారా ఇద్దరూ?"

"నవ్వుకున్నాం. అబద్ధం ఎందుకు చెప్పాలి. కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వాను. కానీ ఎవరికీ చెప్పలేదండీ. పక్కింటావిడకి కూడా చెప్పలేదు. నాకు ఎంత కష్టమైందో మీకు తెలియదు."

"ఎందుకు చెప్పలేదు? చెప్పాల్సింది. ఇన్నేళ్ళు అంతమంది ముందు నిన్నన్నాను కదా."

"ఎందుకంటే మీరు కాక ఇంకెవరూ నాకు తాళాలివ్వలేదు మామయ్యగారూ. 'నడుపు, నేనున్నాను' అన్నారు. ఆ మాటకి, ఓ ఫ్యానూ ఓ మిక్సీ నా లెక్కలో రాసుకున్నా ఫర్వాలేదనిపించింది."

"అమ్మాయ్."

"ఆఁ, మామయ్యగారూ."

"ఇందాకటి చప్పుడు గుర్తుపట్టావా?"

"ఎందుకు గుర్తుపట్టను? ఆ రోజు విన్నదే కదా. కలలోకి కూడా వచ్చేది."

"నేనూ గుర్తుపట్టాను. కానీ ఆ రోజుది కాదు."

"మరెప్పటిది నాన్నా?"

"నువ్వు కాస్త అవతలికి వెళ్ళరా."

"ఎందుకు నాన్నా? లైటు పట్టుకున్నవాణ్ణి, నాకూ చెప్పండి."

"సరే, ఉండు. ఇద్దరూ వినండి. ఆ ముందురోజు సాయంత్రం మీరంతా పెళ్ళి ఫోటోలు తెచ్చుకోవడానికి వెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేరు. నేనొక్కణ్ణే, బిగించిన కారు ఎలా ఉందో చూద్దామని తీశాను."

"తీస్తే?"

"గర్రుమంది. చెప్పులు విప్పి తొక్కాను. దిండు పెట్టుకుని తొక్కాను. నూనె చల్లగా ఉందేమో అనుకున్నాను. చివరికి గోడకి బెత్తెడు దూరంలో ఆగింది."

"మామయ్యగారూ..."

"మర్నాడు వరండాలో నిలబడి, వీధి అంతా చూస్తూండగా, నీకు తాళాలిచ్చింది అందుకేనమ్మా, ఆ చప్పుడు నీ లెక్కలో పడుతుందని. తప్పు నాది."